అత్తగారి లెక్కలో కిలోమీటరు

చిరంజీవి కోడలికి అత్తయ్య దీవెనలు.

నీ ఉత్తరంలో మొదటి వాక్యమే తప్పు. "నేను నడవలేనని మీరు అన్నారట" అని రాశావు. నేను ఆ మాట అనలేదు. "ఇరవై కిలోమీటర్లు నడవలేదు" అన్నాను. ముప్ఫై నాలుగేళ్లు బడిలో లెక్కలు చెప్పినదాన్ని. వాక్యంలోంచి అంకె పీకేసి, మిగిలినదాన్ని నా నోట్లో పెడితే ఊరుకోను. నువ్వు నడవగలవు. వంటగదిలోంచి ముందుగదిలోకి నడుస్తుంటే నా కళ్లతో చూశాను. మూడో అంతస్తు ఎక్కి, తాళం తీయకుండా తలుపుకి ఆనుకుని అయిదు నిమిషాలు రొప్పుతూ నిలబడటం కూడా చూశాను. ఆ రెండూ కూడి ఒక అభిప్రాయానికి వచ్చాను. దాన్ని మా వాడికి చెప్పాను, నీకు కాదు. వాడు మోసుకొచ్చి నీకు అప్పజెప్పాడంటే, నీళ్ల పంపుల దగ్గర ఉద్యోగం చేసి చేసి వాడికి పైపు గుణం పట్టుకుంది. ఈ చివర పోసింది ఆ చివర రావలసిందే.

ఈ నడక ఎందుకు పెట్టారో నాకు తెలుసు. మన చిన్న మనవరాలు చిటికె, కాలు విరిగి ఆ ఆసుపత్రి పిల్లల వార్డులో ఏడు వారాలు ఉన్నప్పుడు, నువ్వు దాని మంచం పక్కన స్టూలు మీద కూర్చునే నిద్రపోయావు. ఇప్పుడు అక్కడ పిల్లలకు తోడుండే తల్లిదండ్రుల కోసం మడత మంచాలు కొంటారట. ఇరవై కిలోమీటర్లు పూర్తిచేసిన ఒక్కొక్కరి పేరు మీద ఒక్కో మంచం. పొద్దున ఏడుకి బయల్దేరి మధ్యాహ్నం పన్నెండులోపు చేరి కార్డు మీద ముద్ర వేయించుకోవాలి. వెనకబడినవాళ్లని ఒక వ్యాను ఎక్కించుకుంటుంది. వ్యాను ఎక్కితే మంచం లేదు. కాబట్టి ఇది నీ సరదా కాదు, ఎవరో ఒక తల్లి నడుముకి సంబంధించిన విషయం. నడుముల విషయంలో నేను ఎకసెక్కాలాడను.

నీకు పది వారాలు ఉన్నాయి. వారానికి రెండు కిలోమీటర్ల చొప్పున పెంచు. ఎంత నడిచావో లెక్క రాసి పంపు, నేను సరిచూస్తాను. ఒక సంగతి మాత్రం ముందే చెబుతున్నాను. ఎవరు ఏ దూరం చెప్పినా నేను అందులో పావు తీసేస్తాను. బడికి ఆలస్యంగా వచ్చిన ప్రతి పిల్లా "మా ఇల్లు నాలుగు కిలోమీటర్లండీ" అనేది. ఒక ఆదివారం అన్ని ఇళ్లకీ నడిచి చూశాను. ఒక్క ఇల్లూ మూడు దాటలేదు. అప్పట్నుంచి అదే సూత్రం. నీ మీద ప్రత్యేకంగా కోపం లేదు, సూత్రానికి బంధుత్వం ఉండదు.

ఇట్లు,
నీ అత్తయ్య

తా.క.: ఫోన్ చేసి మాట్లాడొచ్చు కదా అంటాడు మా వాడు. ఫోనులో అవతలివాళ్లు మధ్యలో మాట్లాడతారు. ఉత్తరంలో ఆ బెడద లేదు.

*

పూజ్యులైన అత్తయ్యగారికి నమస్కారాలు.

ఇక్కడ అందరం క్షేమం. మీ ఉత్తరం మీ అబ్బాయికి చదివి వినిపించాను. పైపు దగ్గరికి వచ్చేసరికి ఆయన లేచి, పంపు చూసుకోవాలి అంటూ వెళ్లిపోయారు. ఆ రోజు ఆయనకి సెలవు.

ఇకపై అంకెలు వదలను. మొదటి అంకె: మీరు చూసింది అయిదు నిమిషాలు కాదు, మూడు. అప్పుడు నా రెండు చేతుల్లో రెండు సంచులు, నడుం మీద చిటికె. ఇందులోనూ పావు తీసేస్తే మీ ఇష్టం.

మీకు నా దినచర్య తెలుసు. బడులు తెరిచే రోజులు కనక యూనిఫారాల పని తలకి మించి ఉంది. కటింగ్ మాస్టరు కూర్చుంటే గుడ్డ వంకర పోతుంది, అందుకని ఎనిమిది గంటలూ బల్ల దగ్గర నిలబడే ఉంటాను. ఇంటికొస్తే పెద్దదానికి హోంవర్కు, చిటికె కాలికి నూనె మర్దనా. ప్రత్యేకంగా నడవడానికి వేళంటూ లేదు. అందుకని మూడు మార్గాలు కనిపెట్టాను. సాయంత్రం బస్సు మానేశాను. ఇంట్లో పెద్దది ఎక్కాలు అప్పజెబుతుంటే దాని బల్ల చుట్టూ తిరుగుతున్నాను. పదమూడో ఎక్కం దగ్గర అది తడబడుతుంది కాబట్టి నాకు ఎక్కువ చుట్లు వస్తున్నాయి. ఇక కరెంటు పోయి మిషన్లు ఆగినప్పుడు కటింగ్ బల్ల చుట్టూ నడుస్తున్నాను. మొదటిరోజు మా యజమాని నేను కత్తెర పోగొట్టుకున్నాననుకుని తనూ నా వెనకే వెతకడం మొదలుపెట్టారు. ఇప్పుడు ఆయన కూడా రోజుకి అర కిలోమీటరు నడుస్తున్నారు. ఏం వెతుకుతున్నారో ఇంతవరకూ అడగలేదు.

కొలత గురించి మీరు నిశ్చింతగా ఉండండి. నేల మీద బ్రౌన్ పేపరు పరిచి, నడిచి, గుర్తులు పెట్టి, టేపుతో కొలిచాను. నా అడుగు ఇరవై ఆరు అంగుళాలు. కిలోమీటరుకి పదిహేనువందల పధ్నాలుగు అడుగులు. అడుగులు లెక్కపెట్టుకుంటూ, కిలోమీటరు అయినప్పుడల్లా ఎడమ భుజం మీది గుండుసూది ఒకటి తీసి కుడి భుజం మీద గుచ్చుకుంటాను. మొదటివారం మొత్తం పదకొండు సూదులు.

మూడు రోజులుగా మీ అబ్బాయే వంట చేస్తున్నారు. నేను వచ్చీ రాగానే కాళ్లు గోడకి ఆనించి పడుకుంటున్నాను.

ఇట్లు,
మీ కోడలు

తా.క.: మడమ మీద చిన్న బొబ్బ. ఏమీ కాదు.

*

చిరంజీవి కోడలికి అత్తయ్య దీవెనలు, ఆందోళనతో.

మా వాడు వంట చేస్తున్నాడని చదివాక నీకు ఎంత జబ్బుగా ఉందో అర్థమైంది. వాడికి స్టవ్వు ఎటు తిప్పితే వెలుగుతుందో ముప్ఫై తొమ్మిదేళ్లుగా తెలియదు. అలాంటివాడు మూడు రోజులు వరసగా వంటగదిలోకి వెళ్లాడంటే, నువ్వు లేవలేని స్థితిలో ఉండి, నా దగ్గర దాస్తున్నావన్నమాట. కాళ్లు గోడకి ఆనించి పడుకోవడం ఏమిటి? రక్తం తలకి రావడం లేదా? జ్వరం ఉందా? ఉంటే ఎంత? అంకె రాయి.

అడుగు కొలవడం మెచ్చుకోదగ్గ పని. కానీ బ్రౌన్ పేపరు మీద నిన్నెవరూ తరమలేదు. వీధిలో వెనక నుంచి హారన్ మోగితే ఇరవై ఆరు అంగుళాలు ఇరవై అవుతుంది. అందుచేత పదకొండు అన్నది నా పుస్తకంలో ఎనిమిదీ పావుగా ఎక్కింది.

నువ్వు ఎనిమిది గంటలు నిలబడతావని నాకు తెలుసు. నిలబడటం వేరు, నడవడం వేరు. గడియార స్తంభం నీకంటే ఎక్కువసేపు నిలబడుతుంది, ఇరవై కిలోమీటర్లకి దాని పేరు ఎవరూ ఇవ్వలేదు.

ఇక బొబ్బ సంగతి. "ఏమీ కాదు" అని ఎవరైనా ప్రత్యేకంగా రాశారంటే అది తప్పకుండా ఏదో ఒకటి. ఈ ఉత్తరం అందిన రోజు నుంచి సరిగ్గా వారం రోజులు నడక ఆపు. చెప్పులు కూడా వేసుకోకు. ఇది సలహా కాదు.

ఇట్లు,
నీ అత్తయ్య

తా.క.: వాడి వంట తిని పిల్లలకి ఏమన్నా అయితే మళ్లీ ఆ వార్డే గతి. మంచాలు ఇంకా రాలేదని గుర్తుపెట్టుకో.

*

పూజ్యులైన అత్తయ్యగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం కింది అంతస్తువాళ్లకి వెళ్లింది. వాళ్లు ఊళ్లో లేరు. పన్నెండు రోజుల తర్వాత వచ్చి ఇచ్చారు. అప్పటికి బొబ్బ మానిపోయి తొమ్మిది రోజులైంది. నేను ఒక విడతలో ఏడు కిలోమీటర్లు నడిచేదాకా వచ్చాను. ఆ ఆదివారం పది నడవాలని, మా దగ్గర బొత్తాలు కుట్టే బొత్తాలక్కా నేనూ అనుకున్నాం. తను కూడా నడకకి పేరిచ్చింది.

కానీ మీరు "ఈ ఉత్తరం అందిన రోజు నుంచి" అని స్పష్టంగా రాశారు. సలహా కాదని కూడా రాశారు. అందుకని ఆపేశాను. వారం రోజులు బస్సులో వెళ్లాను. చెప్పులు వేసుకోవద్దన్నారు కాబట్టి, బూట్లు వేసుకుని కదలకుండా నిలబడి గుడ్డ కత్తిరించాను. బొత్తాలక్క ఒక్కతే పది నడిచొచ్చి, "మీ అత్తగారు డాక్టరా?" అని అడిగింది. లెక్కల టీచరని చెప్పాను. "అయితే సరే" అంది. ఎందుకు సరో నాకు తెలియలేదు.

వారం అయ్యాక మొదలుపెడితే కాళ్లు కర్రల్లా బిగుసుకుపోయాయి. ఏడు నుంచి నాలుగుకి పడిపోయాను.

నాకు జ్వరం లేదు. మీ అబ్బాయి వంటకీ నా ఆరోగ్యానికీ సంబంధం లేదు. ఆయనంతట ఆయనే ముందుకొచ్చారు. స్టవ్వు ఎటు తిప్పాలో చిటికె చూపించింది. మొదటి రెండు రోజులూ మాడింది, ఇప్పుడు మాడటం లేదు. ఉప్పు మాత్రం ఆయన మీ అబ్బాయేనని గుర్తుచేస్తూ ఉంటుంది.

ఇట్లు,
మాట జవదాటని
మీ కోడలు

తా.క.: చిటికె అడగమంది, నాన్నమ్మ బళ్లో ఉన్నప్పుడు మార్కుల్లో కూడా పావు తీసేసేదా అని. తీయదని చెప్పాను. "చూశావా?" అని అడిగింది.

*

చిరంజీవి కోడలికి అత్తయ్య దీవెనలు.

మానిపోయిన బొబ్బకి వారం రోజులు విశ్రాంతి ఇచ్చినదాన్ని నిన్నే చూశాను. మాట వినని కోడళ్ల గురించి నాకు ఇరుగూ పొరుగూ కథలు కథలుగా చెప్పారు. మాట వినే కోడలు ఎంత ప్రమాదమో ఒక్కరూ చెప్పలేదు. నేను గొడుగు తీసుకెళ్లమంటే, వాన వెలిశాక కూడా గొడుగు వేసుకునే నిద్రపోతావా?

తప్పు నాది కూడా కొంత ఉంది. "బొబ్బ ఇంకా ఉంటే" అని ఒక షరతు చేర్చాల్సింది. లెక్కల్లో షరతు మర్చిపోతే లెక్క మొత్తం కొట్టేస్తాం. నన్ను నేను కొట్టేసుకున్నాను.

ఇప్పుడు ఉన్న పరిస్థితి చూద్దాం. నాలుగు రాశావు. నా లెక్కలో మూడు. ఆరు వారాలు మిగిలాయి. మూడుని ఇరవై చేయడానికి కాగితం మీద అయితే ఒక గీత గీసి గుణిస్తే చాలు. కాళ్ల మీద అలా కుదరదు. యూనిఫారాల పని ఉంది, పిల్లలు ఉన్నారు, మా వాడు ఉన్నాడు, వాడి ఉప్పు ఉంది. నువ్వు పేరు వెనక్కి తీసుకుంటే ఎవరూ ఏమీ అనరు. నేను అసలే అనను.

ఇట్లు,
నీ అత్తయ్య

తా.క.: మార్కుల సంగతి చిటికెకి చెప్పు. మార్కుల్లో పావు తీయలేదు. పావు వచ్చినవాళ్లని కూర్చోబెట్టి మళ్లీ చెప్పాను.

*

అత్తయ్యగారికి,

పేరు వెనక్కి తీసుకోను.

మీరు ఆసుపత్రికి వచ్చినప్పుడు పగలు చూసేవాళ్ల వేళలో వచ్చారు. అప్పుడు వార్డు కడిగి ఉంటుంది, అందరం తల దువ్వుకుని ఉంటాం. నేను కూర్చున్న స్టూలుకి ఒక కాలు పొట్టి. దాని కింద అట్టపెట్టె ముక్క మడిచి పెట్టేదాన్ని. ఒళ్లు మరిచి నిద్రపోతే ముక్క జారి స్టూలు ఒరిగేది, అందుకని ఒళ్లు మరవకుండా నిద్రపోవడం నేర్చుకున్నాను. పక్క మంచం పాప వాళ్లమ్మ నాకంటే తెలివైంది. నిద్రలో కింద పడకుండా తువ్వాలుతో తనని తాను పాప మంచం కమ్మీకి కట్టుకునేది. పొద్దున నర్సు వచ్చేలోపు ముడి విప్పేసేది. ఒకరోజు ముడి బిగుసుకుపోతే, నేనే నా పని కత్తెరతో కత్తిరించాను. ఇన్నేళ్లుగా గుడ్డ కత్తిరిస్తున్నాను కానీ, అంత నెమ్మదిగా ఏ గుడ్డా కత్తిరించలేదు.

నాకు ఆ ఒక్క మంచం కావాలి. నాలుగైనా, మీ లెక్కలో మూడైనా.

ఇక లెక్కలు పంపను. పంపితే మీరు పావు తీస్తారు. ఆ తీసిన పావు కూడా నేనే నడిచానన్న సంగతి ఎవరి పుస్తకంలోనూ ఎక్కదు.

ఇట్లు,
మీ కోడలు

తా.క.: ఈ ఉత్తరం మీ అబ్బాయికి చదివి వినిపించలేదు. పైపు.

*

చిరంజీవి కోడలికి అత్తయ్య దీవెనలు.

తువ్వాలు సంగతి నాకు తెలియదు. నేను వచ్చినప్పుడు ఆవిడ నవ్వుతూ నాకు కుర్చీ జరిపింది. తను కూర్చోవడానికి అదొక్కటే ఉందని అప్పుడు గమనించలేదు. లెక్కల టీచరుని, మంచాలు పన్నెండు, కుర్చీలు అయిదు అని ఎంచాను కూడా. ఎంచి ఊరుకున్నాను.

ఇక నుంచి నీ లెక్క నీదే. నేను పావు తీయను. ఇంకెప్పుడూ తీయను. నీకు ఎలా తోస్తే అలా లెక్కపెట్టుకో.

నడక గురించి మూడు మాటలు చెప్పి ఊరుకుంటాను. బూట్లు అర సైజు పెద్దవి తీసుకో, నడిచేకొద్దీ పాదం వాస్తుంది. మేజోళ్లు రెండు జతలు ఒకదాని మీద ఒకటి వేసుకో, అవి ఒకదాన్నొకటి రాసుకుంటాయి, నిన్ను వదిలేస్తాయి. ఎత్తు ఎక్కేటప్పుడు ఎవరితోనూ మాట్లాడకు, ముఖ్యంగా బొత్తాలక్కతో. ఇవి డాక్టరు చెప్పినవి కావు, రోజూ బడికి పోనూ రానూ నడిచినప్పుడు నేను తెలుసుకున్నవి. వీటికి తేదీలు లేవు. ఉత్తరం ఎప్పుడు అందినా పనికొస్తాయి.

ఇట్లు,
నీ అత్తయ్య

తా.క.: తప్పు ఒప్పుకోవడం ఎలా రాయాలో లెక్కల పుస్తకంలో ఉండదు. పైన రెండో పేరా ఇంకోసారి చదువు.

*

పూజ్యులైన అత్తయ్యగారికి నమస్కారాలు.

మీరు చెప్పినట్టే రెండో పేరా ఇంకోసారి చదివాను. తర్వాత మీ అబ్బాయి చదివారు. చదివి, కుర్చీలో కూలబడ్డారు. "'నీకు ఎలా తోస్తే అలా' అని రాసిందా? అయిపోయాం. చిన్నప్పుడు అమ్మ 'నీ ఇష్టంరా' అన్న ప్రతిసారీ నా వీపు మోగింది" అన్నారు. నేను అలా అనుకోలేదు. కానీ మీతో ముప్ఫై తొమ్మిదేళ్లుగా ఉన్నది ఆయన. కాబట్టి మీకు ఏ కోపమూ రాకుండా ఇంట్లో ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఆ పద్ధతి మీకు నచ్చుతుంది. కలిసినప్పుడు చెబుతాను.

లెక్కలు పంపనన్నాను, అయినా ఒకటి పంపుతున్నాను. మొన్న ఆదివారం పధ్నాలుగు. ఇదే నా గరిష్ఠం. ఇంక వారమే ఉంది. మూడో అంతస్తుకి సంచులతో ఎక్కినా తలుపుకి ఆనుకోవడం లేదు. మా యజమాని మాత్రం ఇంకా వెతుకుతున్నారు. ఆయన నడుం పట్టీ రెండు అంగుళాలు తగ్గింది, నేనే టేపు పెట్టి చూశాను.

పధ్నాలుగు ఇరవై కాదని నాకు తెలుసు. మిగతా ఆరూ ఆ రోజు ఎక్కణ్ణుంచో రావాలి.

ఇట్లు,
మీ కోడలు

తా.క.: మేజోళ్లు నన్ను వదిలేశాయి. మీరు చెప్పినవాటిలో పావు తీయాల్సిన అవసరం రాని మాట అదే.

*

పూజ్యులైన అత్తయ్యగారికి నమస్కారాలు.

మీ దగ్గర్నుంచి జవాబు రాలేదు. కోపమేమోనని మీ అబ్బాయి భయపడుతున్నారు. అయినా రాస్తున్నాను, ఎందుకంటే ఇది మీకే మొదట చెప్పాలి.

మంచం వచ్చింది.

ఎలా వచ్చిందో చెప్పాలంటే ముందు మా పద్ధతి చెప్పాలి. మీరు పావు తీయడం మానేశారు కాబట్టి నేనే తీసుకోవడం మొదలుపెట్టాను. నాలుగు సూదులు కుడి భుజానికి మారిస్తే ఒకటి వెనక్కి తెచ్చి ఎడమవైపు గుచ్చుకునేదాన్ని. మొన్న పధ్నాలుగు అని రాసింది అలా తేలిన లెక్క. నిజానికి ఆ రోజు పద్దెనిమిది సూదులు మార్చాను. కానీ అన్ని వారాలు మీకు లెక్కలు పంపాక, పద్దెనిమిది అన్నది నేనే నమ్మలేకపోయాను.

నడక రోజున కూడా అలాగే లెక్కపెట్టాను. బొత్తాలక్క ముందే వెళ్లిపోయింది. పది దాటాక వాన పట్టుకుంది. కార్యకర్తలంతా పసుపుపచ్చ రెయిన్‌కోట్లు వేసుకుని, ముక్కుదాకా టోపీ లాక్కుని ఉన్నారు. నా ముందు ఎవరూ లేరు, వెనక ఎవరూ లేరు. పదకొండూ పదికి ఒక మైదానం గేటు దగ్గరికొచ్చాను. అక్కడ ఒక బల్ల, దాని మీద టార్పాలిన్. దారి పొడవునా మంచినీళ్ల బల్లలు అలాగే ఉన్నాయి, ఇదీ అదే అనుకున్నాను. గాలికి తెగిన బ్యానరుని ఇద్దరు చాప చుట్టినట్టు చుడుతున్నారు. నా భుజం మీద పదిహేను సూదులు. ఇంకా అయిదు.

ఇంతలో రెయిన్‌కోటులో ఉన్న ఒక పెద్దావిడ రోడ్డు మధ్యకి వచ్చేసి, చేతులూపుతూ, వాన హోరులో "ఆగు! ఎక్కడికే? ఆగు!" అని కేకలేసింది. నేను అలసిపోయానని కూర్చోబెట్టబోతోంది అనుకున్నాను. నువ్వు చేయలేవు, ఆగిపో అనడానికి నా జీవితంలో ఇప్పటికే ఒకరున్నారు, ఇంకొకరు అక్కర్లేదు అనిపించింది. క్షమించాలి, ఆ సమయంలో అలాగే అనిపించింది. ఆవిడ పక్కనుంచి తప్పుకుని వేగం పెంచాను.

కిలోమీటరున్నర పోయాక వెనకనుంచి ఆ వ్యాను వచ్చింది. పది వారాలుగా పీడకలలా ఉన్న వ్యాను. డ్రైవరు అద్దం దించి, "అమ్మా, ఎక్కండి" అన్నాడు.

"ఎక్కను. నాకింకా నాలుగు ఉన్నాయి."

"ఏం నాలుగు తల్లీ? నడక అయిపోయింది. గేటు దాటేశారు మీరు!"

"ఎవరు చెప్పారు?"

"గేటు దగ్గర ఒక పెద్దావిడ. ముద్ర వేయించుకోకుండా పోతోంది, పన్నెండైతే మంచం పోతుంది, వెళ్లి చెప్పు అని నన్ను తోసినంత పని చేసింది. ఎక్కండి, రెండు నిమిషాల్లో దింపుతా."

"ఎక్కితే మంచం పోదూ?"

అతను ఆలోచించాడు. "పోతుంది" అన్నాడు.

పదకొండున్నర అయింది. వెనక్కి తిరిగాను. నేను ముందు, వ్యాను వెనక. అంత నెమ్మదిగా ఆ బండి ఎప్పుడూ నడపలేదట, రెండుసార్లు ఆగిపోయింది. అతను దారి పొడవునా కిటికీలోంచి టైము చెబుతూనే ఉన్నాడు. పదకొండూ యాభై నాలుగుకి నా కార్డు మీద ముద్ర పడింది.

మంచం మీద ఎవరి పేరు రాయించమంటారని అడిగారు. ఎవరిదీ వద్దన్నాను. పడుకునేవాళ్లకి ఎవరి పేరూ వీపుకి గుచ్చుకోకూడదు.

ఆ పెద్దావిడకి దణ్ణం పెడదామని చూస్తే కనిపించలేదు.

ఇట్లు,
మీ కోడలు

తా.క.: ఆవిడ ఎవరో కనుక్కోమని మీ అబ్బాయిని పంపాను. కార్యకర్తల్లో ఆ వయసువాళ్లు ఎవరూ లేరట. ఒక రెయిన్‌కోటు మాత్రం తక్కువొచ్చిందట.

*

చిరంజీవి కోడలికి అత్తయ్య దీవెనలు.

నేను చేతులు ఊపలేదు. ఒక చేత్తో గేటు చూపించాను, రెండో చేత్తో బల్ల చూపించాను. చూడాలన్న ఉద్దేశం ఉన్నవాళ్లకి అది అర్థమయ్యేది.

అవును, నేనే.

నువ్వు పధ్నాలుగు అని రాశావు. పావు తీయనని మాటిచ్చాను కాబట్టి తీయలేదు, పధ్నాలుగే అని నమ్మాను. నమ్మకం వల్ల వచ్చిన ఇబ్బంది ఇది, అనుమానంతో ఉన్నన్నాళ్లూ హాయిగా ఇంట్లో కూర్చున్నాను. పధ్నాలుగు నడిచే మనిషి పదిహేడు దగ్గర కూలబడుతుంది. నువ్వు వ్యానులోంచి దిగేటప్పుడు అక్కడ మనవాళ్లు ఎవరో ఒకరు ఉండాలనుకున్నాను. మా వాడు పిల్లల్ని వదిలి రాలేడు, వచ్చినా ఏదో ఒకటి అంటాడు. అందుకని ఎవరికీ చెప్పకుండా పొద్దున మొదటి బస్సెక్కాను. నువ్వు ఇరవై నడవలేవన్న నా మాట నిజమవుతుందని దారంతా భయపడ్డాను. నా మాట తప్పు కావాలని నేను కోరుకున్నది ఇదే మొదటిసారి. అలవాటు లేని పని.

గేటు దగ్గర వానకి తడుస్తుంటే ఎవరో జాలిపడి రెయిన్‌కోటు ఇచ్చారు. తర్వాత నువ్వొచ్చావు. కూలబడటం కాదు, కళ్లెం లేని గుర్రంలా వచ్చావు. ముప్ఫై నాలుగేళ్లలో నేను "ఆగు" అంటే ఆగనివాళ్లు ఇద్దరే. ఒకరు బడికి వచ్చిన ఇన్‌స్పెక్టరు, ఆయనకి చెవుడు. రెండోదానివి నువ్వు.

నువ్వు తిరిగి రావడం ఎదురు కొట్టు అరుగు మీద నుంచి చూశాను. నీ వెనక వ్యాను తప్పు చేసి దొరికిపోయినట్టు తలవంచుకుని వచ్చింది. ముద్ర పడిన చప్పుడు నాకు వినబడింది. అది వినబడేంత దగ్గరేం కాదు, అయినా వినబడింది.

ఎందుకు పలకరించలేదంటావు. పన్నెండుంబావుకి బస్సు. అది ఒక కారణం, చిన్నది. మనిషి ఎదురుగా నిలబడి మెచ్చుకోవడం నాకు చేతకాదు. మా వాణ్ణి అడుగు, వాణ్ణి ఒక్కసారీ మెచ్చుకోలేదు, అందుకే నా మంచి మాట కూడా వాడికి దెబ్బలా వినిపిస్తుంది. ఉత్తరంలో అయితే మధ్యలో కాగితం అడ్డం ఉంటుంది. కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. ఇరవై, పైన పోనూ రానూ మూడు. మొత్తం ఇరవైమూడు కిలోమీటర్లు నడిచావు. పుస్తకంలో ఇరవైమూడు అనే రాశాను. ఈ ఉత్తరం వాడికి కూడా చదివి వినిపించు.

ఇట్లు,
నీ జీవితంలో ఇప్పటికే ఉన్న ఆ ఒకరు,
నీ అత్తయ్య

తా.క.: ఆ తక్కువొచ్చిన రెయిన్‌కోటు నా ఒంటి మీదే ఇంటికొచ్చింది. కండక్టరు నన్ను చూసి, "రోడ్డు పనివాళ్లు వెనక సీట్లో కూర్చోవాలి" అన్నాక గానీ గమనించలేదు. విడిగా పార్సిల్లో పంపుతున్నాను. లోపల మెడ దగ్గర 31 అని అంకె ఉంటుంది, సరిచూసుకో. ఉతికి నీడన ఆరేశాను. రెండో బొత్తాం ఊడితే కుట్టాను. నీకూ బొత్తాలక్కకీ ఆ కుట్టు నచ్చదు, అయినా విప్పకండి. దాన్ని ఆ మైదానం గేటు పక్క గదిలో తిరిగి ఇచ్చెయ్యి. గురువారం సాయంత్రం నాలుగు దాకానే తెరిచి ఉంటుందని తలుపు మీద రాసి ఉంది. రశీదు అడిగి తీసుకో, తేదీ వేశారో లేదో చూడు. తీసుకెళ్లినవారి పేరు అన్నచోట "ఒక పెద్దావిడ" అని రాయిస్తే చాలు.